ఎర్రాకు వరస

ఆ ఏడాది మామిళ్ళ కాలమంతా మా ఇంట్లో పొద్దున లేస్తే ఒకటే ప్రశ్న. పై వరసా? కింది వరసా?

మా నేలకి కాగితం లేకపోలేదు. బానిసత్వం పోయిన నాలుగో ఏట మా తాతకి తాత కొనుక్కున్న నేలచెక్క అది. కాగితంలో ఒక పక్క వాగు, ఇంకో పక్క పెద్ద బండ, మూడో పక్క చర్చి బాట అని శుభ్రంగా రాశారు. నాలుగో పక్కకి వచ్చేసరికి రాసేవాడికి ఆకలేసిందో ఏమో, "గానుగ దగ్గరి ఎర్రాకు వరసదాకా" అని చేతులు దులిపేసుకున్నాడు. గానుగ దగ్గర ఎర్రాకు మొక్కల వరసలు రెండున్నాయి. ఒకటి గానుగకి కింద, మా సీమపనస చెట్టు దాటగానే. రెండోది గానుగకి బాగా పైన, దొరల బంగళా మెట్ల పక్కన. ఈ రెంటి మధ్యే కోల్డ్‌బరీ ఎస్టేటు మొండిగోడలన్నీ ఉన్నాయి. వాటితోపాటు ఊట కూడా ఉంది.

మాకు కావలసింది ఊట. మా కొండ వైపుకి కుళాయి నీళ్ళు వస్తాయని నా చిన్నప్పటినించీ ప్రతి ఎన్నికలకీ వింటున్నాం. ఊట మాత్రం మార్చి నెలలో కూడా ఎండలేదు. మా తమ్ముడు క్లోవిస్ దానికి వెదురు గొట్టం పెట్టి, కింద తోటకూర, చేమ, పెండలం వేశాడు. ఆ ఏడాది తొట్టి కట్టాలని ఫాల్మత్ రేవు నించి సిమెంటు ఇటుకలు తెప్పించి పెరట్లో పేర్చాడు కూడా. తొట్టి అయ్యాక పెళ్ళి అన్నాడు. అంతదాకా ఏ పిల్లనీ చూడనన్నాడు గానీ, చూసేసిన సంగతి ఊరందరికీ తెలుసు.

శిథిలాలు అన్న మాట మేము కంపెనీవాళ్ళు వచ్చాకే విన్నాం. మాకది మేకల కొట్టం. పైకప్పు లేని పాకం ఇంట్లో మేకల్ని కట్టేవాళ్ళం. పొగగొట్టం మీదికి గుమ్మడితీగ పాకించేవాళ్ళం. చెరుకురసం కాచిన ఇనప కొప్పెర ఒకటి ఏనాడో మా పెరట్లోకి దొర్లించుకొచ్చారు, అందులో నేను బట్టలు ఉతికేదాన్ని. దొరల బంగళాలో మిగిలింది పద్దెనిమిది మెట్లు. ఎక్కితే పైన ఏమీ లేదు, గాలి.

కంపెనీ ఆ ఎస్టేటు నేలంతా కొంది. జనం వచ్చి చూసే చోటు చేస్తారట. బానిసలకి విడుదల వచ్చిన రోజు, ఆగస్టు ఒకటిన తెరుస్తారట. ఈలోపు జూలైలో సర్వేయరు వచ్చి హద్దులు తేలుస్తాడు. నేల మీద అందరికన్నా పెద్దవాళ్ళెవరో వాళ్ళు చెయ్యెత్తి హద్దు చూపించాలి, పక్క నేల మనిషి సాక్షి సంతకం పెట్టాలి. కొండ మీద ఎప్పటినించో జరిగే పద్ధతే అది. ఇక్కడ హద్దుకి రాళ్ళు పాతరు. ఎర్రాకు కొమ్మ విరిచి గుచ్చుతారు, అది ఎండకీ చావదు, వానకీ చావదు. దాన్ని పీకినవాడి పక్కన చర్చిలో ఎవరూ కూర్చోరు.

జూన్ మొదట్లోనే కంపెనీ తరఫున మిస్ హైల్టన్ అనే ఆవిడ వచ్చింది. తెల్ల బూట్లు, మెళ్ళో పెన్ను. బళ్ళో వంట చేసే నేను మధ్యాహ్నం దాటితే ఖాళీ కాబట్టి తిప్పి చూపించే పని నాకు పడింది. కొండ ఎక్కకముందు ఆవిడ దొడ్డి ఎక్కడని అడిగితే క్లోవిస్ పిడికిలి బిగించి, మోచెయ్యి మడిచి, కోడి రెక్క ఆడించినట్టు అటు ఆడించాడు.

"పాపం, మీ తమ్ముడి చేతికి ఏమైంది?" అని ఆవిడ దారిలో నన్ను అడిగింది.

ఏం కాలేదు. మా దొడ్డి దారిలో సమాధులున్నాయి. తాత, నానమ్మ, నాన్న, ఇంకో ఇద్దరు. సున్నం కొట్టిన దిమ్మెలు, నాలుగు మూలలా ఎర్రాకు. సమాధి వైపు వేలు చూపిస్తే ఆ వేలు కుళ్ళి ఊడిపోతుంది. పొరపాటున చూపిస్తే వెంటనే పది వేళ్ళూ ఒక్కొక్కటే కొరుక్కోవాలి. ఆరేళ్ళప్పుడు క్లోవిస్ తాత సమాధి మీద తొండని చూపించినందుకు మా ఐసీ అత్త వాణ్ణి గుమ్మంలో నిలబెట్టి పదీ కొరికించింది. వాడు ఇప్పుడు పాస్టరు మాటే వినడు గానీ, ఆ దారి చూపించాలంటే మాత్రం మోచెయ్యే. ఇదంతా బూట్లావిడకి ఏం చెప్తాం? "చిన్నప్పుడు చెట్టు మీంచి పడ్డాడండీ" అన్నాను.

పై వరస దగ్గర ఆవిడ ఆగిపోయింది. మధ్యాహ్నపు ఎండ ఆకుల వెనక నించి పడి మొక్కలు నిప్పుల్లా ఉన్నాయి.

"ఎంత బావున్నాయి! ఎవరు నాటారివి?"

"హద్దు మేడమ్. పాతకాలం హద్దు."

"నిజంగానా? ఇక్కడినించి ఎక్కడిదాకా?"

నేను వేలు చాచి ఈ చివరి మొక్కనించి ఆ చివరి మొక్కదాకా చూపించాను. పదకొండు మొక్కలు. ఆవిడ రాసుకుంది. నాకు తెలిసి చెప్పానా అంటే లేదు. అదే హద్దయితే ఊట మాదవుతుంది, అంతే నాకు తెలిసింది. పైగా రాసుకునేవాళ్ళ ముందు 'ఏమో' అనడం నాకు చిన్నప్పటినించీ నామోషీ.

* * *

తెలిసిన మనిషి ఇంట్లోనే ఉంది. ఐసీ అత్త మా తాత చెల్లెలు, కానీ కొండ మొత్తానికి ఆవిడ అత్తే. ఎనభై ఏడేళ్ళు. నోట్లో ఒక్క పన్ను లేదు. కట్టుడుపళ్ళు పెట్టించుకోమంటే "దేవుడు తీసుకున్నవాటిని దొంగతనంగా మళ్ళీ తెచ్చుకోను" అంటుంది. పీచు మామిడిపండుని గంటసేపు చీకి, టెంకకి గుడ్డ చుట్టి దాచుకుంటుంది, మధ్యాహ్నం మళ్ళీ చీకడానికి.

"ఐసీ అత్తా, హద్దు ఏ వరస?" అని నేను అడిగేదాన్ని.

"ఎర్రాకు వరస."

"రెండున్నాయి కదా."

"రెండూ ఎర్రగానే ఉన్నాయి."

"అత్తా, నువ్వు కొండ మీద ఉండిపోయావు గానీ పార్లమెంటులో ఉండాల్సిన మనిషివి" అనేవాడు క్లోవిస్.

"మీ తాత కూడా అదే అనేవాడు. కింగ్‌స్టన్ పంపిస్తానని పంపించలేదు."

ఒకరోజు కింది వరస అనేది. మర్నాడు అడిగితే "నేనెప్పుడన్నాను?" అనేది. ఇంకో రోజు ఊట గురించే మాట్లాడేది, తనని ఆ నీళ్ళలోనే పుట్టగానే కడిగారని, అలాంటి నీళ్ళు రాజుగారికి కూడా దొరకవని. మరయితే పై వరసే కదా అంటే పండు చీకడంలో పడిపోయేది. ఆవిడ మతి పోతోందని మా ఇద్దరికీ భయం పట్టుకుంది. ఆవిడ పోతుందని కాదు, సర్వేయరు వచ్చేలోపు మతి పోతుందని. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, కానీ అప్పటి భయం అదే.

ఒక ఆదివారం చర్చి అయ్యాక గాడిద మీద కూచోబెట్టి ఆవిణ్ణి పైకి తీసుకెళ్ళాం. కళ్ళారా చూస్తే గుర్తొస్తుందని క్లోవిస్ ఆలోచన. ఆవిడ పైకి వచ్చి ఎన్నేళ్ళయిందో. పాకం ఇల్లు చూసి, "అయ్యో, ఇక్కడ కిటికీ ఉండేది" అంది. నీటిచక్రం గుంట చూసి, "ఇందులో మీ తాత పడ్డాడు, తాగి" అంది. మతి పోయిన మనిషిలా లేదు. గానుగ రోలు మీద చెయ్యి పెట్టి నిమిరింది కూడా.

గానుగ దాటాక ఆవిడ రెండు చేతులూ ఏప్రన్ కింద దాచుకుంది.

"చలేస్తోందా అత్తా?" అన్నాను. జూన్ ఎండలో.

"ఆ, కొంచెం."

గాడిద పై వరస మధ్యనించి పోబోతే పగ్గం పట్టుకుని చుట్టూ తిప్పించింది. చివరి మొక్క దగ్గర తల కాస్త వంచి, "గుడ్ ఈవినింగ్" అంది.

క్లోవిస్ అటూ ఇటూ చూశాడు. "ఎవరికి అత్తా?"

"మేకలకి."

"మేకలు కింద కట్టేసి ఉన్నాయి."

"అయితే వచ్చినప్పుడు చెప్పు, నేను పలకరించానని."

మేమిద్దరం పగలబడి నవ్వాం. దిగేటప్పుడు క్లోవిస్ ఆవిడకి పాఠం మొదలుపెట్టాడు. "సర్వేయరు వస్తాడు. నువ్వేం మాట్లాడొద్దు. చెయ్యెత్తి ఇటు చూపించు, చాలు. మిగతాది జీక్ తాత సంతకం."

"చూపించనని అన్నానా?" అంది ఐసీ అత్త. చేతులు ఇంకా ఏప్రన్ కిందే ఉన్నాయి.

జీక్ తాత పక్క నేల మనిషి. ఆయనా ఐసీ అత్తా ఒకే ఏడు బళ్ళో చేరారు, ఒకే ఏడు మానేశారు. ఆయన్ని అడిగితే, "నాకు నా హద్దే సరిగ్గా తెలీదు పిల్లా. ఐసీ ఏది చూపిస్తే దానికి సంతకం పెడతాను. ఆవిడ చూపించనిదానికి పెట్టను" అన్నాడు.

* * *

సర్వేయరు లింటన్ జూలై రెండో వారంలో కింగ్‌స్టన్ నించి వచ్చాడు. మర్యాదస్తుడు. ఐసీ అత్తకి కుర్చీ తనే మోసుకొచ్చి దొరల మెట్ల పక్కన వేశాడు. మేము ముగ్గురం, జీక్ తాత, ఆయన. నేల కొలిచే గొలుసు రెండో కొస పట్టుకోవడానికి క్లోవిస్ ముందే సిద్ధంగా ఉన్నాడు. ఆ రోజు కొత్త చొక్కా వేసుకున్నాడు.

"అమ్మా, మీ హద్దు చూపిస్తారా?"

"అదే బాబూ" అంది ఐసీ అత్త, గడ్డం కాస్త ఎత్తి. గడ్డం ఎత్తిన వైపు పొగగొట్టం ఉంది, వరస ఉంది, ఆకాశం కూడా ఉంది.

"ఎక్కడమ్మా? చేత్తో చూపించండి."

"పెద్దదాన్నయ్యాను. చేతులు లేవవు."

"పొద్దున సీమపనసకాయ కోసింది ఎవరు?" అన్నాడు క్లోవిస్, నవ్వుతున్నట్టుగా. మొహంలో నవ్వు లేదు.

లింటన్ ఓపిగ్గా మళ్ళీ అడిగాడు. మళ్ళీ గడ్డమే. ఈసారి గడ్డం ఊట వైపు తిరిగి, అక్కడినించి తన ఒళ్ళోకి వచ్చేసింది. ఏప్రన్ కింద చేతులు ఒకదాన్నొకటి నలుపుకుంటున్నాయని గుడ్డ కదలడంలో తెలుస్తోంది. ఎండ నెత్తి మీదికి వచ్చింది. జీక్ తాత పెన్ను మూత తీశాడు, పెట్టాడు, తీశాడు. క్లోవిస్ నావైపు చూశాడు. ఆ చూపులో తొట్టి ఉంది, పెళ్ళి ఉంది, నాలుగేళ్ళ చాకిరీ ఉంది.

నాకు కోపం వచ్చింది. ఇంత చిన్న పని! "ఇదుగో సార్, ఇదే" అని చెయ్యి చాచి మొదటి మొక్కని చూపించి, అక్కడినించి వేలు జరుపుకుంటూ వచ్చాను.

నాలుగో మొక్క దగ్గర ఐసీ అత్త చెయ్యి ఏప్రన్ కిందనించి బయటికి వచ్చింది. నా మణికట్టు పట్టుకుని లాగి, నా వేలు తన నోట్లో పెట్టుకుంది. చిగుళ్ళు గట్టిగా మూసుకున్నాయి. తడిగా, వెచ్చగా ఉంది. నొప్పేం లేదు.

వేలు వదిలి, "నా కొరుకుడికి బలం లేదు. నువ్వు కొరుక్కో. పదీ" అంది.

జీక్ తాత టోపీ తీశాడు. క్లోవిస్ చేతిలోంచి గొలుసు జారి రాళ్ళ మీద పడింది.

"ఆవిడకి ఒంట్లో బాలేదా?" అని లింటన్ అడిగాడు. నేను ముప్పై రెండేళ్ళ దాన్ని, అందరి ముందూ నిలబడి ఒక్కొక్క వేలే కొరుక్కున్నాను. బొటనవేలు అయ్యాక ఎడమ చెయ్యి. సమాధి అంటే సున్నం కొట్టిన దిమ్మె అని నా బుర్రలో ఎలా పడిపోయిందో. దిమ్మె కట్టే స్తోమత ఎవరికుందప్పుడు? తలకొక మొక్క, మొక్కకీ మొక్కకీ మధ్య సరిగ్గా ఒక మనిషి పట్టేంత ఎడం. ఎన్ని వందలసార్లు ఆ ఎడంలోంచి మేకల్ని తోలుకెళ్ళానో.

"మేడమ్," అన్నాడు లింటన్ నాతో, "ఇది హద్దా, కాదా? మీ మాటే రాస్తాను."

"అవునని చెప్పక్కా" అన్నాడు క్లోవిస్. గొంతు మెల్లగా ఉంది. "వాళ్ళకేం పోతుంది? వాళ్ళు ఎక్కడున్నారో అక్కడే ఉంటారు. అవునను."

అది తప్పు మాటేం కాదు. నాకు ఆ క్షణంలో అదీ నిజంలాగే ఉంది. ఐసీ అత్త నన్ను చూడటం లేదు, ఊటని చూస్తోంది. ఆవిడ కూడా అవుననమనే కోరుకుంటోందేమో అనిపించింది. కాదనమనేమో అని కూడా అనిపించింది. జీక్ తాత టోపీ గుండెకి ఆనించుకుని, పెన్ను మూత పెట్టేశాడు. వేళ్ళన్నీ నా ఉమ్మితో తడిగా ఉన్నాయి, వాటిని ఎక్కడ తుడుచుకోవాలో తెలియడం లేదు.

"కాదు సార్" అన్నాను. "అక్కడ మనుషులున్నారు."

లింటన్ కింద పడ్డ గొలుసు ఎత్తి చుట్టుకున్నాడు. తర్వాత అడగవలసినవి అడిగాడు. "మీ మనుషులా? పేర్లు చెప్పగలరా?"

"పేర్లు లేవు" అంది ఐసీ అత్త.

"ఎవరి కాలం వాళ్ళు?"

"ఎస్టేటు కాలం."

"అంటే ఎస్టేటు బానిసలు. ఎస్టేటువాళ్ళు పాతిపెట్టిన చోటు." ఆయనకీ చెప్పడం ఇష్టం లేనట్టుంది. "అయితే ఇది ఎస్టేటు నేల అవుతుందమ్మా. మీ హద్దు కింది వరస."

అది నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆ మనుషుల్ని ఎస్టేటు కొనుక్కుంది కాబట్టి వాళ్ళు పడుకున్న నేల కూడా ఎస్టేటుదే అయింది. వాళ్ళు మావాళ్ళు కాబట్టి ఆ నేల మాది అని అనడానికి పేర్లు కావాలి. లింటన్ పటం మీద పదకొండు చోట్ల చిన్న చిన్న శిలువలు గీశాడు, వాటిని ఎవరూ కదపకూడదని రాస్తానని మాటిచ్చాడు. రాసే ఉంటాడు. మంచివాడే. జీక్ తాత కింది వరసకి సంతకం పెట్టి, టోపీ చేత్తోనే పట్టుకుని ఇంటికి వెళ్ళిపోయాడు.

* * *

క్లోవిస్ ఐసీ అత్తని ఒక్క మాట అనలేదు. నన్నే అన్నాడు.

"చచ్చినవాళ్ళకి దాహం వేస్తుందా అక్కా?"

"నాకేం తెలుసురా."

"తెలీనప్పుడు 'తెలీదు' అని చెప్పొచ్చుగా! తెలీదంటే ఆయన మళ్ళీ వచ్చేవాడు, మనకి ఇంకో నెల దొరికేది. నీకు ఎప్పుడూ తెలిసిపోవాలి. మొదట ఆ బూట్లావిడకి హద్దని చెప్పావు, ఇప్పుడు వీడికి కాదని చెప్పావు."

నిజమే. కంపెనీ కంచె వెయ్యకముందే వెదురు గొట్టం వాడే ఊడదీసి, ముక్కలు చేసి పొయ్యి దగ్గర పడేశాడు. ఫాల్మత్‌లో ఓడల దగ్గర పని చూసుకుని ఒక బుధవారం బస్సెక్కాడు. వెళ్ళేముందు పెరటి సమాధుల వైపు చూసి, నాన్నకి చెప్పినట్టుంది, ఏదో గొణిగాడు. ఐసీ అత్త గుమ్మంలో నిలబడి ఉప్పుచేప మూట పట్టుకుని ఉంది. వాడు తీసుకోలేదు. సిమెంటు ఇటుకలు ఎక్కడివక్కడే ఉండిపోయాయి, కోళ్ళు వాటి మీద ఎక్కి కూర్చోవడం మొదలుపెట్టాయి.

ఆ పూట వంట చేస్తూ నేను ఐసీ అత్త మీద విరుచుకుపడ్డాను. "ఎవరు వాళ్ళు? ముందే ఎందుకు చెప్పలేదు?"

"మీరు హద్దేది అని అడిగారు. ఎవరు పడుకున్నారు అని అడగలేదు."

"అత్తా, చమత్కారాలు చెయ్యకు. వాడు వెళ్ళిపోయాడు!"

ఆవిడ పెండలం చెక్కు తీస్తూ తీస్తూ ఆగింది. "మా అమ్మమ్మకి కూడా పేర్లు తెలీవు. ఆగస్టు చూడనివాళ్ళు అనేది. అందరికీ ఆగస్టులో విడుదలంటే, వాళ్ళు అంతకు ముందే పోయారు. ఒకామె జూలైలో పోయిందట, ఇంకో వారం ఉందనగా. కొత్త ఎర్రాకు వస్తే వచ్చి పలకరించమనేది నన్ను. అంతే నాకు తెలిసింది."

"మరి చెప్పొచ్చుగా."

"చెప్తే ఊట పోతుంది. చెప్పకపోతే వాళ్ళని నా కంచె చేసుకున్నదాన్నవుతాను. ఊట కూడా నాకు కావాలి వెర్లీన్. నేనేమైనా దేవతనా? చెయ్యి ఎత్తకుండా ఉంటే దేవుడే ఎటో ఒకటి తేలుస్తాడనుకున్నాను." ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "ఆయన నీ చేత తేల్పించాడు. నువ్వు చెయ్యాల్సిన పని కాదది."

నాకు ఏడుపొచ్చింది. ఆవిడ మీద జాలో, నా మీద నాకే జాలో, వాడు లేని బల్ల చూసో, తెలీదు. అన్నీ కలిసిపోయాయి.

* * *

ఆగస్టు ఒకటిన తెరిచారు. మా సీమపనస చెట్టుకి రెండు బారల అవతల కొత్త కంచె, కొత్త గేటు. మేళగాళ్ళు వచ్చారు, చర్చి పిల్లలు తెల్ల బట్టల్లో వచ్చారు, బస్సుల్లో పట్నంవాళ్ళు వచ్చారు. కొప్పెర కూడా మా పెరట్లోంచి తీసుకెళ్ళి, తోమి, నల్లరంగు వేసి పీట మీద పెట్టారు. నేను దాన్ని గుర్తుపట్టలేకపోయాను.

ఐసీ అత్త తెల్ల టోపీ పెట్టుకుని నా చెయ్యి పట్టుకుని పైకి వచ్చింది. పై వరస ముందు చెక్కబోర్డు పెట్టారు. ఆవిడకి చదువు రాదు కాబట్టి నన్ను చదవమంది.

"హద్దు వరస" అని చదివాను. "కోల్డ్‌బరీ ఎస్టేటు పాత సరిహద్దును తెలిపే ఎర్రాకు మొక్కలు. స్థానిక కుటుంబం చెప్పిన వివరాల ప్రకారం."

"స్థానిక కుటుంబం ఎవరు?"

"మనమే అత్తా. నేను."

మిస్ హైల్టన్‌ని వెతికి పట్టుకుని చెప్పాను, అది హద్దు కాదని, నేను తప్పు చెప్పానని. ఆవిడ నిజంగానే నొచ్చుకుంది. "అయ్యో, జూన్‌లోనే బోర్డులు చేయించేశాం. వచ్చే ఏడాది మార్చేటప్పుడు తప్పకుండా చూస్తాను" అని పెన్ను తీసి రాసుకుంది కూడా.

నేను తిరిగి వచ్చేసరికి ఐసీ అత్త దొరల మెట్లలో కింది మెట్టు మీద కూర్చుని ఉంది. జనం వరస ముందు ఆగుతున్నారు, బోర్డు చదువుతున్నారు, వేలు పెట్టి ఒకరికొకరు చూపించుకుంటున్నారు. తండ్రులు పిల్లల్ని ఎత్తుకుని చూపిస్తున్నారు. మా కొండ పిల్లలు కూడా చూపిస్తున్నారు. బోర్డు మీద హద్దని రాసుంటే వాళ్ళకి భయమెందుకు? ఐసీ అత్త ఒక్కొక్కళ్ళనే చూస్తూ, తన వేళ్ళు ఒక్కొక్కటే నోట్లో పెట్టుకుని చిగుళ్ళతో నొక్కుతోంది. మామిడిటెంక చీకుతోందేమో అనుకుని దాటిపోతున్నారు చూసినవాళ్ళు.

"ఏం చేస్తున్నావు అత్తా?"

"పాపం, తెలియక చూపిస్తున్నారు. వాళ్ళ వేళ్ళకేం కాకూడదు కదా." చెయ్యి దించి చూసుకుంది. చర్మం నాని ముడతలు పడింది. "ఇది కొరకడం కాదు వెర్లీన్. పళ్ళు లేనిదాని కొరుకుడు చెల్లదు. ఇలా కూర్చో."

కూర్చున్నాను. కింద, కంచె లోపలే, ఊట చప్పుడు వినిపిస్తోంది. కాదని చెప్పి నీళ్ళు పోగొట్టాను, అవునని చెప్పినది బోర్డెక్కింది. క్లోవిస్‌కి ఏం చెప్పాలో, ఈ పదకొండుమందికి ఏం చెప్పాలో నాకు తోచలేదు. ఇప్పటికీ తోచదు.

"ఆ పసుపు చొక్కా ఆయనకి" అంది ఐసీ అత్త. నేను కొరుక్కున్నాను, పదీ. "ఆ జడల పిల్లకి." కొరుక్కున్నాను.

అప్పుడు మిస్ హైల్టన్ బస్సు దిగిన కొత్త గుంపుని వెంటబెట్టుకుని పైకి వచ్చింది. నలభైమంది ఉంటారు. వరస ముందు ఆగి, చెయ్యి చాచి ఈ చివరి మొక్కనించి ఆ చివరి మొక్కదాకా చూపించింది, జూన్‌లో నేను ఎలా చూపించానో సరిగ్గా అలాగే. నలభై వేళ్ళు లేచాయి.

నేను ఐసీ అత్త మొహం చూశాను.

"తొందరేం లేదు, మెల్లగా కానీ" అంది ఆవిడ, ఏప్రన్ కొంగుతో నా వేళ్ళు తుడుస్తూ. "పొద్దుగూకేదాకా ఉంటాంగా."